డేటాబేస్ రికవరీ ఎన్ని గంటల దగ్గర ఆపాలి? ఆఫీసులో ఒక్కొక్కరిది ఒక్కో మాట

మాధాపూర్_మురళి
మందుల డిస్ట్రిబ్యూటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ మాది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. ఈ రోజు పొద్దున పదకొండున్నర దాటాక రేట్ల టేబుల్ మీద వేర్ కండిషన్ (ఏ వరుసలు మార్చాలో చెప్పే షరతు) లేని అప్‌డేట్ ఒకటి నడిచింది. అన్ని బ్యాచ్‌లకూ ఒకటే ఎమ్మార్పీ పడిపోయింది. ఎవరు నడిపారన్నది ఇక్కడ అనవసరం. సంగతి బయటపడింది మాత్రం మూడు దాటాకే. కోఠిలో ఒక షాపాయన ఫోన్ చేసి "పారాసిటమాల్‌కీ ఇన్సులిన్‌కీ ఒకటే రేటు వేశారేంటి" అని అడిగాడు.

రాత్రి 2 గంటల బేస్ బ్యాకప్ (డేటాబేస్ మొత్తం కాపీ) ఉంది. అప్పటి నుంచి వాల్ ఫైళ్లు (ప్రతి మార్పూ వరుసగా రాసుకునే లాగ్) ఆర్కైవ్‌లో పడుతూనే ఉన్నాయి. కాబట్టి బ్యాకప్ మీద ఆ మార్పులు వరుసగా వేసుకుంటూ వెళ్లి రికవరీ చేయగలం. గొడవంతా ఎక్కడ ఆపాలన్న దాని మీదే. మేనేజర్ "11:30 పెట్టి మొదలెట్టేయ్" అంటున్నారు. టీమ్ లీడ్ "11:40 వరకు వెళ్దాం, పది నిమిషాల బిల్లులు మిగులుతాయి" అంటున్నారు. ముందే ఆపితే మంచి బిల్లులు పోతాయి, దాటితే ఆ అప్‌డేట్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పైగా అప్పటి నుంచి మూడింటి దాకా వేసిన బిల్లుల సంగతేంటి? అప్లికేషన్ ఆపేసి కూర్చున్నాం. మీరైతే ఈ టైమ్ ఎలా ఎంచుకుంటారు?

నైట్‌షిఫ్ట్_నాగు
ముందు లైవ్ సర్వర్ మీద చెయ్యి వేయకండి. ఏ టైమ్ పెట్టినా సరే, రికవరీ వేరే మెషీన్‌లో చేయండి. లైవ్ డేటా డైరెక్టరీ అలాగే ఉంటే పాతదీ కొత్తదీ రెండూ మీ చేతిలో ఉంటాయి. దాని మీదే రాసేస్తే మధ్యాహ్నం బిల్లులు వెతుక్కోవడానికి కూడా ఏమీ మిగలదు.

కోఠి_కుర్రోడు
నాగన్న మాటే నాదీ. ఆ వేరే మెషీన్‌లో డిస్క్ చోటు ఎంతుందో ఇప్పుడే చూసుకోండి. రికవరీ సగంలో డిస్క్ నిండితే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

లాగ్_లోకం
11:30, 11:40 అని వాదించుకోవడం దండగ మురళి గారూ. ఆ రెండూ మనుషులకు గుర్తున్న టైములు. అసలు టైమ్ వాల్‌లో రాసి ఉంది, తీసి చదవండి.

మీది 15 కాబట్టి పని తేలిక. వాల్ ఫైళ్లను చదివి చూపించే పీజీ వాల్‌డంప్ టూల్‌లో ఒక్క టేబుల్‌కి సంబంధించిన రికార్డులే చూపించే ఆప్షన్ ఆ వెర్షన్‌తోనే వచ్చింది. లైవ్‌లో పీజీ రిలేషన్ ఫైల్‌నోడ్ ఫంక్షన్‌కి రేట్ల టేబుల్ పేరు ఇస్తే దాని ఫైల్ నంబర్ చెబుతుంది. టేబుల్‌స్పేస్ నంబర్, డేటాబేస్ నంబర్, ఈ ఫైల్ నంబర్, మూడింటి మధ్య స్లాష్‌లు పెట్టి వాల్‌డంప్‌కి ఇవ్వాలి. మీరు వేరే టేబుల్‌స్పేస్ వాడకపోతే మొదటి నంబర్ 1663. రాత్రి నుంచి ఉన్నవన్నీ చదవక్కర్లేదు, పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఆర్కైవ్ అయిన సెగ్మెంట్లు (వాల్ ఫైళ్లు) చాలు. ఒక్కోటి మామూలుగా 16 ఎంబీ ఉంటుంది.

మామూలు వ్యాపారం నడిచేటప్పుడు ఆ టేబుల్ మీద ఒకటో రెండో రికార్డులు కనిపిస్తాయి, ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా జరిగే మార్పుల గుంపు) నంబర్ మారుతూ పోతుంది. మీ అప్‌డేట్ దగ్గరికి వచ్చేసరికి ఒకే నంబర్ కింద అప్‌డేట్, అప్‌డేట్, అప్‌డేట్ అని స్క్రీన్ల కొద్దీ పరిగెడుతుంది. తప్పిపోయే ప్రశ్నే లేదు. ఆ నంబర్ పట్టుకుని, ఈసారి టేబుల్ ఆప్షన్ తీసేసి ఆ ట్రాన్సాక్షన్ ఒక్కటే చూపించమనండి. చివరి లైన్‌లో కమిట్ (మార్పులు ఖాయమయ్యాయన్న గుర్తు) అని ఉంటుంది, పక్కనే మైక్రోసెకన్లతో సహా టైమ్ ఉంటుంది. ఆ కమిట్‌కి సరిగ్గా ముందు ఆపాలి.

టార్గెట్‌గా టైమ్ బదులు ఆ ట్రాన్సాక్షన్ నంబరే ఇవ్వండి. రికవరీ టార్గెట్ ఇంక్లూజివ్ తప్పకుండా ఆఫ్ చేయండి. డిఫాల్ట్ ఆన్. అంటే మీరు వద్దనుకున్న ఆ అప్‌డేట్‌ను కూడా కలుపుకుని మరీ ఆగుతుంది.

ఉస్మానియా_బిస్కట్
కొత్తగా డీబీఏ (డేటాబేస్‌లు చూసుకునే) పనిలో చేరాను, అందుకే అడుగుతున్నా. ట్రాన్సాక్షన్ నంబర్ దగ్గర ఆపితే దానికంటే చిన్న నంబర్లన్నీ వచ్చేస్తాయి, పెద్దవి రావు అనుకోవచ్చా అన్నా?

లాగ్_లోకం
అనుకోకూడదు తమ్ముడూ. నంబర్ ఇచ్చేది పని మొదలైన వరుసలో. కమిట్ అయ్యే వరుస వేరు. 501 మొదలై పెద్ద పని చేస్తూ ఉండగానే 502, 503 వచ్చి చకచకా కమిట్ అయిపోవచ్చు. 501 ముందు ఆపమంటే ఆ 502, 503 కూడా వస్తాయి. దాని కమిట్‌కి ముందు ఎవరు కమిట్ అయ్యారన్నదే లెక్క.

అమీర్‌పేట_ఒరాకిల్
ఇంత లోతుకి వెళ్లాలా అని నా సందేహం. అక్కడ షాపులవాళ్లు బిల్లుల కోసం కూర్చున్నారు. 11:30 పెట్టి లేపేయండి. ఆ పది నిమిషాల బిల్లులు ప్రింటయి కాగితాల మీద ఉంటాయి, మళ్లీ ఎక్కించుకుంటారు. ఒక్క బిల్లూ పోకూడదని సాయంత్రం దాకా సిస్టమ్ ఆపి ఉంచడం కంటే కొన్ని బిల్లులు మళ్లీ టైప్ చేయడమే నయం. ఎంత పోయినా ఫర్వాలేదో ముందే రాసిపెట్టుకున్న కంపెనీలో ఇంత చర్చ కూడా జరగదు.

పద్దుల_పద్మ
నేను డీబీఏని కాదు, మందుల డిస్ట్రిబ్యూటర్ల లెక్కలు చూస్తాను. "మళ్లీ ఎక్కించుకుంటారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఇవి జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు. నంబర్లు వరుసగా ఉండాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబర్ ఒక్కసారే రావాలి. సీజీఎస్టీ రూల్ 46 చెప్పేది అదే. మీరు డేటాబేస్‌ను పదకొండున్నరకి తీసుకెళ్తే మీ సిస్టమ్ మధ్యాహ్నం ఇచ్చిన నంబర్లన్నీ మర్చిపోతుంది. సాయంత్రం వచ్చే కొత్త బిల్లుకి, మధ్యాహ్నం ఇంకో షాపుకి ఇచ్చిన నంబరే పడుతుంది.

మీ కస్టమర్ల టర్నోవర్ 5 కోట్లు దాటితే ఇంకా చిక్కు. 2023 ఆగస్టు 1 నుంచి వాళ్లకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. మధ్యాహ్నం వేసిన ప్రతి బిల్లుకీ ఐఆర్ఎన్ (ఇన్‌వాయిస్ గుర్తింపు నంబర్) పుట్టేసి ఉంటుంది, అది ప్రభుత్వ పోర్టల్‌లో ఉంది. మీరు మీ డేటాబేస్‌ను వెనక్కి తిప్పగలరు, పోర్టల్‌ను తిప్పలేరు. అదే నంబర్‌తో మళ్లీ పంపితే డూప్లికేట్ అని తిప్పికొడుతుంది. పోర్టల్‌లో రద్దు చేయాలంటే 24 గంటలే గడువు, రద్దు చేసినా ఆ నంబర్ మళ్లీ వాడుకోవడానికి లేదు.

కాబట్టి ఆ బిల్లులు పుస్తకాల్లో ఉండాల్సిందే. తప్పు రేటు పడ్డవాటికి క్రెడిట్ నోటో డెబిట్ నోటో ఇచ్చి సరిచేస్తారు. దయచేసి మాయం మాత్రం చేయకండి.

మాధాపూర్_మురళి
పద్మ గారూ, ఇది మా గదిలో ఒక్కరికీ తట్టలేదు. కస్టమర్లలో కొంతమందికి ఈ-ఇన్‌వాయిస్ ఉంది. మేనేజర్‌కి మీ పోస్ట్ చూపించాను, 11:30 మాట పక్కన పెట్టారు.

లాగ్_లోకం గారూ, వాల్‌డంప్ నడుస్తోంది. ఈలోపు ఒక అనుమానం. రేట్ల టేబుల్‌లో "చివరిసారి మారిన టైమ్" కాలమ్ ఉంది. అన్ని వరుసల్లోనూ 11:36:20 అని ఉంది. అదే మన టైమ్ అనుకోవచ్చా?

లాగ్_లోకం
ఆ కాలమ్‌లోకి నౌ ఫంక్షన్ విలువ పోతుంటే అది ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్. కమిట్ టైమ్ కాదు. పోస్ట్‌గ్రెస్‌లో నౌ అంటే ట్రాన్సాక్షన్ మొత్తం ఒకటే విలువ. రికవరీలో టైమ్ టార్గెట్ చూసేది కమిట్ రికార్డు మీది టైమ్‌ని. 11:36:20 దగ్గర ఆపితే ప్రమాదం లేదు, కానీ ఆ తర్వాత కమిట్ అయిన మంచి బిల్లులు ఊరికే పోతాయి.

సీక్వెల్_శారద
టైమ్ టార్గెట్ వాడేవాళ్లు ఏ గడియారం అన్నది ముందు తేల్చుకోవాలి. మన సర్వర్లు చాలావరకు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి, మనం ఐఎస్‌టీలో (భారత సమయం) మాట్లాడుకుంటాం. మనకు 11:41 అయితే సర్వర్‌కి 6:11.

పోస్ట్‌గ్రెస్‌లో దీనికి తోడు ఇంకో గొయ్యి ఉంది. టైమ్ పక్కన ఐఎస్‌టీ అని రాస్తే మన టైమ్ తీసుకుంటుందనుకుంటారు. దాని డిఫాల్ట్ పట్టికలో ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ టైమ్, యూటీసీకి రెండు గంటలు ముందు. మన పట్టిక కావాలంటే విడిగా ఇండియా అని సెట్ చేయాలి. రికవరీ టార్గెట్ టైమ్‌లో ఇలాంటి పొట్టిపేర్లు మామూలుగా ఒప్పుకోదు. కానీ ఎవరైనా పొట్టిపేర్ల పట్టికను డిఫాల్ట్ అని కాన్ఫిగ్‌లో పైనే రాసిపెట్టి ఉంటే ఒప్పేసుకుంటుంది. అప్పుడు మీరు 11:41 అంటే అది మన మధ్యాహ్నం 3:11 దాకా వెళ్లి ఆగుతుంది. మురళి గారి కేసులో అది పాడు అప్‌డేట్ దాటి మూడున్నర గంటల తర్వాత. ప్లస్ 05:30 అని అంకెల్లో రాయండి, లేదా ఏషియా కోల్‌కతా అని పూర్తి పేరు రాయండి.

కోఠి_కుర్రోడు
"11:30కి అక్కడుంటా" అంటే మన సిటీలో ఎటూ పన్నెండున్నరే కదా శారద మేడమ్, ఇక సర్వర్ నుంచి ఏం ఆశిస్తాం 😀

సీక్వెల్_శారద
😀 సర్వర్‌కి సైబర్ టవర్స్ ట్రాఫిక్ లేదుగా, దానికి సాకు కుదరదు.

మా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే పని ఎలా చేస్తామో చెప్తాను, పద్ధతి పనికొస్తుంది. ముందు టెయిల్ లాగ్ బ్యాకప్ (ఇంకా బ్యాకప్ కాని చివరి లాగ్ కాపీ). అది తీయకుండా ఏదీ ముట్టుకోం. తర్వాత వేరే పేరుతో ఫుల్ బ్యాకప్ రిస్టోర్ చేసి, లాగ్‌ను స్టాప్ యాట్ టైమ్‌తో స్టాండ్‌బై మోడ్‌లో వేస్తాం. అందులో సెలెక్ట్‌లు (చదివే ప్రశ్నలు) నడుస్తాయి. అనుమానం ఉన్న వరుసలు చూసుకుని, ఇంకా తప్పు రాలేదనుకుంటే ఇంకొంచెం తర్వాతి టైమ్ ఇచ్చి మళ్లీ లాగ్ వేస్తాం. అంచుదాకా అలా చిన్న చిన్న అడుగులతో జరుగుతాం.

అమీర్‌పేట_ఒరాకిల్
పద్మ గారి మాట విన్నాక 11:30 వాదన నేనూ వదిలేస్తున్నా. శారద గారు చెప్పిన జరుగుడు పద్ధతి ఒరాకిల్‌లోనూ ఉంది. అంటిల్ టైమ్ గానీ అంటిల్ ఎస్‌సీఎన్ (మార్పుల వరుస నంబర్) గానీ పెట్టి రికవర్ చేశాక రీసెట్‌లాగ్స్ (రికవరీ ముగించి రాతకి తెరిచే ఆదేశం) కొట్టకుండా రీడ్ ఓన్లీలో తెరిచి చూస్తాం. సరిపోకపోతే మౌంట్ చేసి ఇంకొంచెం ముందుకి రికవర్ చేస్తాం. రీసెట్‌లాగ్స్ కొట్టాక ఆ కాపీలో ఇక జరగడం ఉండదు. ఎస్‌సీఎన్ ఇస్తే ఆ నంబర్‌కి ముందు వరకే వెళ్తుంది, దాన్ని కలుపుకోదు. లోకం గారు చెప్పిన ఇంక్లూజివ్ గొడవ మాకు అక్కడ లేదు.

అసలు ఇంత చిన్న తప్పుకి ఒరాకిల్‌లో రికవరీ దాకా వెళ్లం. అన్‌డూ (పాత విలువల నిల్వ) ఇంకా మిగిలి ఉంటే యాజ్ ఆఫ్ టైమ్‌స్టాంప్ పెట్టి పాత రేట్లు సెలెక్ట్ చేసేస్తాం.

నైట్‌షిఫ్ట్_నాగు
ఈ థ్రెడ్‌లో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. రికవరీ ముందుకు జరుగుతుంది, వెనక్కి రాదు. టైమ్ దాటిపోయారంటే రాత్రి 2 గంటల బ్యాకప్ మళ్లీ కాపీ చేసి మొదటి నుంచి ఎక్కాలి. పెద్ద డేటాబేస్‌లో అది ఒక పూట పని. ముందే ఆగితే పోయేది ఏమీ లేదు, ఇంకొంచెం జరుపుతారు. అందుకే అనుమానం ఉన్నంతసేపూ తక్కువ వైపే ఉండండి, ఆపి చూడండి, జరపండి.

పోస్ట్‌గ్రెస్‌లో టార్గెట్ చేరాక ఏం చేయాలన్న సెట్టింగ్ డిఫాల్ట్‌గా పాజ్. దాన్ని ప్రమోట్‌కి (రికవరీ ముగించి రాతకి తెరవడం) మార్చకండి. పాజ్‌లో ఉన్నప్పుడు కనెక్ట్ అయి చదువుకోవచ్చు. హాట్ స్టాండ్‌బై (రికవరీలో ఉండగానే చదవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి, అదీ డిఫాల్టే.

బిన్‌లాగ్_బాబు
పాజ్ అయ్యాక చూసి బాగుందనిపిస్తే పీజీ వాల్ రీప్లే రెజ్యూమ్ కొడితే ఇంకొంచెం ముందుకి వెళ్తుందిగా? మళ్లీ ఆపుకోవచ్చు.

నైట్‌షిఫ్ట్_నాగు
వెళ్లదు బాబూ, చాలామంది తడబడేది అక్కడే. టార్గెట్ దగ్గర పాజ్ అయ్యాక రెజ్యూమ్ కొడితే రికవరీ అయిపోయినట్టే. సర్వర్ రాతకి తెరుచుకుంటుంది, కొత్త టైమ్‌లైన్ (వాల్‌లో కొత్త శాఖ) మొదలవుతుంది. ఇంకా జరపాలంటే సర్వర్ షట్‌డౌన్ చేసి, కాన్ఫిగ్‌లో టార్గెట్‌ను తర్వాతి దానికి మార్చి, మళ్లీ స్టార్ట్ చేయాలి.

లాగ్_లోకం
టైమ్‌లైన్ మాట వచ్చింది కాబట్టి, ఆ పక్క మెషీన్‌లో ఆర్కైవ్ మోడ్ (వాల్ ఫైళ్లను ఆర్కైవ్‌కి పంపే సెట్టింగ్) ఆఫ్ చేసి మొదలుపెట్టండి. బేస్ బ్యాకప్‌తో పాటు లైవ్ కాన్ఫిగ్ కూడా వచ్చేస్తుంది. పొరపాటున ప్రమోట్ అయితే అది కొత్త టైమ్‌లైన్ హిస్టరీ ఫైల్‌ను మీ అసలు ఆర్కైవ్‌లోకే తోసేస్తుంది. 12 నుంచి రికవరీ టార్గెట్ టైమ్‌లైన్ డిఫాల్ట్ "లేటెస్ట్". ఇంకోసారి మొదటి నుంచి రిస్టోర్ చేసినప్పుడు అది ఆ ప్రయోగం చేసిన దారినే పట్టుకుని పోతుంది, మీకు కావాల్సిన మధ్యాహ్నం వాల్ వైపు చూడనే చూడదు.

పక్క మెషీన్ చిన్నదని మ్యాక్స్ కనెక్షన్స్ లాంటివి తగ్గించకండి. హాట్ స్టాండ్‌బైకి అవి లైవ్‌లో ఉన్నంతైనా ఉండాలి.

బిన్‌లాగ్_బాబు
సరే నాగన్నా, అర్థమైంది. మాది మైఎస్‌క్యూఎల్. అక్కడ ఇంత మథనం లేదనిపిస్తోంది. మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్‌తో లాగ్ చదివి, ఆ ఒక్క ట్రాన్సాక్షన్ జీటీఐడీని (దాని గుర్తింపు నంబర్‌ను) మినహాయించి మిగతాదంతా నడిపిస్తే సరి. మంచి బిల్లులన్నీ ఉంటాయి, చెడ్డ అప్‌డేట్ ఒక్కటే ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో ఎందుకు కుదరదు?

లాగ్_లోకం
పోస్ట్‌గ్రెస్ వాల్ ఫిజికల్. ఫలానా పేజీలో ఫలానా చోట ఈ మార్పు అని ఉంటుంది. మధ్యలో ఒకటి వదిలేస్తే తర్వాతి రికార్డు అనుకున్న పేజీ అక్కడ ఉండదు. వరుసగా వేసుకుంటూ వెళ్లి ఒకచోట ఆపడమే.

మైఎస్‌క్యూఎల్‌లో కూడా మీరనుకున్నంత శుభ్రంగా రాదు. రో ఫార్మాట్‌లో, డిఫాల్ట్ అయిన ఫుల్ ఇమేజ్‌తో రాస్తుంటే ప్రతి అప్‌డేట్ ఈవెంట్‌లోనూ మొత్తం వరుస ఉంటుంది. ఒక బ్యాచ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి పది స్ట్రిప్పులు అమ్మి స్టాక్ తగ్గించారనుకోండి. స్టాకూ ఎమ్మార్పీ ఒకే టేబుల్‌లో ఉంటే ఆ ఈవెంట్‌లో తగ్గిన స్టాక్‌తో పాటు అప్పటి తప్పు ఎమ్మార్పీ కూడా ఉంటుంది. మీరు పొద్దుటి అప్‌డేట్‌ను వదిలేసినా ఈ ఒంటిగంట ఈవెంట్ ఆ తప్పు రేటును మోసుకొచ్చి పెడుతుంది. అమ్ముడుపోని బ్యాచ్‌లకు సరైన రేటు, అమ్ముడుపోయినవాటికి తప్పు రేటు. అది కనిపెట్టడం ఇంకా కష్టం.

బిన్‌లాగ్_బాబు
ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. మా దగ్గర స్టాక్, రేటు ఒకే టేబుల్‌లో ఉన్నాయి.

మైఎస్‌క్యూఎల్ వాళ్ల కోసం ఒక మాట: స్టాప్ డేట్‌టైమ్ కంటే స్టాప్ పొజిషన్ వాడండి. డేట్‌టైమ్ సెకన్ వరకే. ఒకే సెకన్‌లో మంచీ చెడూ రెండూ ఉంటే విడదీయలేరు. పైగా ఆ టూల్ నడిపే మెషీన్ టైమ్‌జోన్ తీసుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో నడిపితే ఒకటి, సర్వర్‌లో నడిపితే ఇంకొకటి.

క్లౌడ్_కావ్య
మా కంపెనీలో డేటాబేస్ ఆర్‌డీఎస్‌లో (అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సేవ) ఉంది, వాల్‌డంప్ నడపడానికి ఫైళ్లు చేతికి రావు. టైమ్ ఒక్కటే ఇవ్వగలం. అప్పుడేం చేయాలి?

నైట్‌షిఫ్ట్_నాగు
పాయింట్ ఇన్ టైమ్ రిస్టోర్ ఎటూ కొత్త ఇన్‌స్టాన్స్‌గానే వస్తుంది కాబట్టి పాతదానికి భయం లేదు. ఆపే టైమ్ ముందుగా పెట్టి చూడండి. తర్వాతి టైమ్ కావాలంటే ఇంకో రిస్టోర్, ఇంకో ఇన్‌స్టాన్స్. అందులో జరుపుడు లేదు. అందుకే పెద్ద మార్పులు నడిపే అప్లికేషన్ తన మొదలు, ముగింపు టైములు సొంత లాగ్‌లో యూటీసీలో రాసుకుంటే మీకు చాలా మేలు. ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఎన్ని రోజులు ఉంచుతున్నారో కూడా చూడండి. 35 రోజుల దాకా పెట్టుకోవచ్చు, చాలామంది తక్కువకే వదిలేస్తారు.

మాధాపూర్_మురళి
దొరికింది! లోకం గారు చెప్పినట్టే, ఒకే నంబర్ కింద అప్‌డేట్లు ఆగకుండా వెళ్లాయి. కమిట్ 06:11:47 యూటీసీ, అంటే మన 11:41:47. మొదలైంది 11:36:20కి. ఆ ఐదు నిమిషాలూ "బిల్లు సేవ్ అవడం లేదు, తిరుగుతూనే ఉంది" అని సపోర్ట్‌కి ఫోన్లు వచ్చాయట. ఇప్పుడు లింకు తెలిసింది, స్టాక్ తగ్గించే వరుసలన్నీ ఆ అప్‌డేట్ లాక్ వెనక నిలబడి ఉంటాయి.

పక్క మెషీన్‌లో ట్రాన్సాక్షన్ నంబర్ టార్గెట్, ఇంక్లూజివ్ ఆఫ్, పాజ్, ఆర్కైవ్ మోడ్ ఆఫ్ పెట్టి రికవరీ మొదలెట్టాం.

అమీర్‌పేట_ఒరాకిల్
పాజ్ అవగానే ఏం చూస్తారో ముందే రాసిపెట్టుకోండి. "బాగానే కనిపిస్తోంది" అంటే సరిపోదు. రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. చెడ్డది రాలేదు కదా? మంచిదంతా వచ్చిందా? మొదటిదానికి ఎమ్మార్పీలు వేరువేరుగా ఉన్నాయో లేదో చూడండి. రెండోదానికి 11:41:47కి ముందు పడ్డ చివరి ఇన్‌వాయిస్ నంబర్‌ను లైవ్‌లో వెతికి, అది రికవరీ కాపీలో కూడా ఉందేమో చూడండి. చాలామంది మొదటిది చూసి సంబరపడి రెండోది వదిలేస్తారు.

పద్దుల_పద్మ
ఒరాకిల్ గారు చెప్పిన ఆ ఇన్‌వాయిస్ నంబర్ నాకూ కావాలి మురళి గారూ. దాని తర్వాతి నంబర్ నుంచి అప్లికేషన్ ఆపేదాకా ఉన్న బిల్లుల జాబితా తీయండి. బిల్లులో పడ్డ రేటు, అసలు రేటు పక్కపక్కన ఉండాలి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ పడ్డవి విడిగా చూపించండి. మందుల ధరల మీద 2013 డీపీసీఓ (ధరల నియంత్రణ ఉత్తర్వు) ఉంది, షాపులవాళ్లు అమ్మకముందే ఆ ఫోన్లు చేయాలి. తక్కువ పడ్డవి రేపు చూసుకోవచ్చు.

ఉస్మానియా_బిస్కట్
ఒకవేళ టార్గెట్ నంబర్ తప్పు ఇచ్చి, ఆర్కైవ్ అంతా అయిపోయినా అది కనిపించకపోతే ఏమవుతుంది?

లాగ్_లోకం
13 నుంచి రికవరీ ఫేటల్ ఎర్రర్‌తో ఆగిపోతుంది, టార్గెట్ చేరలేదని చెబుతుంది. అంతకు ముందు వెర్షన్లలో ఉన్నదంతా వేసుకుని, చెప్పకుండా తెరుచుకునేది. మీ ఆఫీసులో ఇంకా 12 నడుస్తుంటే ఈ ఒక్క మార్పు కోసమైనా పైకి జరగండి.

మాధాపూర్_మురళి
పాజ్ అయింది. ఒరాకిల్ గారి రెండు ప్రశ్నలూ వేశాం. పారాసిటమాల్ బ్యాచ్‌లన్నీ పాత రేట్లతో ఉన్నాయి, ఇన్సులిన్ దాని రేటుతో ఉంది. లైవ్‌లో 11:41:47కి ముందున్న చివరి ఇన్‌వాయిస్ ఇక్కడా ఉంది.

లైవ్‌ను వెనక్కి తిప్పడం లేదు. పాజ్‌లో ఉన్న కాపీ నుంచే రేట్ల టేబుల్ ఒక్కటి పీజీ డంప్‌తో (డేటా కాపీ తీసే టూల్) తీసుకున్నాం, ప్రమోట్ చేయాల్సిన పనే పడలేదు. దాన్ని లైవ్‌లో వేరే పేరుతో ఎక్కించి, బ్యాచ్ ఐడీతో కలిపి ఎమ్మార్పీ కాలమ్ మాత్రమే సరిచేయాలని ప్లాన్.

సీక్వెల్_శారద
ఒక్క నిమిషం. మధ్యాహ్నం కొత్త సరుకు దిగి ఉంటే ఆ బ్యాచ్‌లు రికవరీ కాపీలో ఉండవు, వాటి జోలికి వెళ్లకండి. పాత బ్యాచ్‌ల్లో కూడా ఎవరైనా రేటు తప్పు గమనించి చేత్తో మార్చి ఉండొచ్చు. అందుకే అప్‌డేట్‌కి కండిషన్ పెట్టండి: లైవ్‌లో ఇప్పటికీ ఆ తప్పు ఎమ్మార్పీయే ఉన్న వరుసలు మాత్రమే. ట్రాన్సాక్షన్‌లో నడిపి, ఎన్ని వరుసలు మారాయో చూసి, మీరు ముందే లెక్కపెట్టుకున్న అంకెతో సరిపోతేనే కమిట్.

మాధాపూర్_మురళి
మంచిపని చేశారు శారద గారూ. నిజంగానే సికింద్రాబాద్ డిస్ట్రిబ్యూటర్ ఒకాయన కొన్ని బ్యాచ్‌లు చేత్తో సరిచేసుకున్నారు, వాటిలో కొత్త ఎమ్మార్పీ ఉంది. కండిషన్ లేకపోతే వాటి మీద పాత రేటు రాసేసేవాళ్లం. కండిషన్ పెట్టి నడిపాం, అంకె సరిపోయింది, కమిట్ చేశాం. అప్లికేషన్ లేచింది. పద్మ గారు అడిగిన జాబితా కస్టమర్ల అకౌంటెంట్లకు వెళ్తోంది, ఎక్కువ రేటు పడ్డవి ముందు.

నైట్‌షిఫ్ట్_నాగు
చాలా సంతోషం. పక్క మెషీన్‌ను అప్పుడే తుడిచేయకండి, లెక్కలవాళ్లు సరే అనేదాకా పాజ్‌లోనే ఉంచండి.

ఎక్కడ ఆపాలని వాదించుకునే అవకాశం మీకు ఉందంటే బ్యాకప్, ఆర్కైవ్ రెండూ పనిచేశాయి కాబట్టి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్) పొరపాటున ప్రైమరీ డేటా డైరెక్టరీ తుడిచేశారు. చూస్తే పీజీ డంప్ వెర్షన్ కుదరక రోజువారీ బ్యాకప్‌లు ఖాళీగా ఉన్నాయి. చివరికి చేతికి దొరికింది ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్. దాని తర్వాతి డేటాబేస్ మార్పులు పోయాయి. ఆ సంగతంతా వాళ్లే బయటపెట్టి రాశారు, చదవండి. వాళ్లకు ఆపే టైమ్ ఎంచుకునే ప్రశ్నే రాలేదు.

అమీర్‌పేట_ఒరాకిల్
మురళి గారూ, రేపటి నుంచి చేత్తో ఏ స్క్రిప్టు నడిపినా ముందు ఒక రిస్టోర్ పాయింట్ పెట్టించండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ క్రియేట్ రిస్టోర్ పాయింట్ అని ఫంక్షన్ ఉంది, పేరు ఇస్తే వాల్‌లో గుర్తు పెడుతుంది. ఆ పేరే రికవరీ టార్గెట్ నేమ్‌గా ఇవ్వొచ్చు. శారద గారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మార్క్ పెట్టిన ట్రాన్సాక్షన్‌లు ఉన్నాయి, స్టాప్ బిఫోర్ మార్క్ అంటే దాని ముందే ఆగుతుంది. ఇలాంటి గుర్తు ఉంటే వాల్‌డంప్ తీసి వెతుక్కునే పని తప్పుతుంది.

మాధాపూర్_మురళి
రాసుకున్నాను. స్క్రిప్టులు నడిపే చిన్న టూల్ ఒకటి ఉంది, అందులోనే పెట్టించేస్తాం. ప్రతిసారీ "స్క్రిప్టుకి ముందు" అని ఒకే పేరు పెడితే సరిపోతుందా?

లాగ్_లోకం
సరిపోదు. ఒకే పేరుతో చాలా ఉంటే రికవరీ మొదట కనిపించిన దాని దగ్గరే ఆగిపోతుంది. తేదీ, టైమ్, స్క్రిప్టు పేరు కలిపి పెట్టండి, 63 అక్షరాలు దాటకుండా. టైమ్ యూటీసీలో.